ఎవరికీ లేని మూడక్షరాలు

*బారసాల నాడు బియ్యం మీద రాసే పేరు కోసం ఇప్పుడు నెలల ముందు నుంచే వెతుకులాట మొదలవుతోంది. మగపిల్లాడైతే మూడక్షరాల్లో ఉండాలి, అది ఇంకెవరికీ ఉండకూడదు. ఈ కోరిక ఎక్కడి నుంచి వచ్చింది? మన ఇళ్లను ఎటు తీసుకెళ్తోంది?*

పళ్లెంలో బియ్యం పరిచి పావుగంట దాటింది. పీటల మీద తల్లీ తండ్రీ కూర్చున్నారు. కొత్త జుబ్బా గుచ్చుకుంటోందేమో, తల్లి ఒడిలో ఇరవై ఒక్క రోజుల పసివాడు కాళ్లు తన్నుతున్నాడు. తండ్రి కుడిచేతిలో బంగారు ఉంగరం, ఎడమచేతిలో ఫోను. హైదరాబాద్ నిజాంపేటలో ఆరో అంతస్తు ఫ్లాటు అది. హాలు నిండా చుట్టాలు. టీవీ తెర మీద డాలస్ నుంచి మేనమామ. అక్కడ అర్ధరాత్రి, అయినా ఆయన కళ్లు విప్పార్చుకుని చూస్తున్నాడు.

"బాబూ, పేరు రాయండి. వర్జ్యం దగ్గర పడుతోంది" అన్నారు పంతులుగారు.

పేరు ఇంకా తేలలేదు. పిల్లాడిది ఆర్ద్ర నక్షత్రం, మూడో పాదం. ఆ పాదానికి పంచాంగం ఇచ్చే అక్షరం 'ఙ'. దాంతో మొదలయ్యే పేరు దొరకదని పంతులుగారే చెప్పి, మిథున రాశికి చెందిన మిగతా అక్షరాల్లో ఏదో ఒకటి తీసుకోమన్నారు. కా, కీ, కూ, ఘ, ఛ, కే, కో, హా. మూడు వారాలుగా ఇంటిల్లిపాదికీ అదే పని. తండ్రి ఫోనులో వంద పేర్లకు పైగా ఉన్న జాబితా చివరికి రెండుకు వచ్చి ఆగింది.

"అన్నయ్యా, కియాన్ ఖాయం చేసెయ్. మనవాళ్లలో ఎవరికీ లేదు" అంది మేనత్త.

"అదేం పేరే? మీ నాన్న పేరులో ఒక్క ముక్కన్నా కలవదా?" అంది నాయనమ్మ. ఎవరూ మాట్లాడలేదు. ఆవిడా ఇంకేం అనలేదు, కొంగు సర్దుకుని పళ్లెం వైపు చూస్తూ కూర్చుంది.

ఉంగరం కదిలింది. బియ్యంలో మూడక్షరాలు తేలాయి. తండ్రి వంగి బిడ్డ కుడిచెవిలో ఆ పేరు మూడుసార్లు చెప్పాడు. అందరూ అక్షింతలు వేశారు. భోజనాల దగ్గర, పక్క బ్లాకు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ బాలింతరాలి చేయి పట్టుకుని ఎంతో ఆప్యాయంగా అంది: "మా అమ్మాయి కొడుకుదీ ఇదే పేరు తల్లీ. ఇద్దరూ ఒకే బడికి వెళ్తే ఎంత బాగుంటుందో!"

ఒకే దారిన వెతికితే

ఇది ఒక ఇంటి ముచ్చట కాదు. ఏ నర్సరీ బడిలో హాజరు పిలిచినా విహాన్, అయాన్, కియాన్, అద్విక్, రేయాన్ష్, దేవాన్ష్, శివాన్ష్ వరసగా వినిపిస్తారు. ఆ పిల్లల అమ్మానాన్నల్లో ప్రతి ఒక్కరూ అరుదైన పేరు కోసమే వెతికారు. నిజాయితీగా వెతికారు, నిద్ర మానుకుని వెతికారు. అయినా అందరూ వచ్చి ఒకే చోట కలిశారు.

కారణం వెతికిన పద్ధతిలోనే ఉంది. నక్షత్ర పాదం మొదటి అక్షరాన్ని నిర్ణయిస్తుంది. మూడు దాటకూడదన్న నియమం మిగతా రెంటినీ కట్టేస్తుంది. దేవుడి పేరు నేరుగా ఉండకూడదు, పాతవాసన రాకూడదు, అమెరికాలో పలకడానికి ఇబ్బంది ఉండకూడదు. ఇన్ని గీతలు గీశాక మిగిలే చోటు చాలా చిన్నది. ఆ చిన్న చోటులో వెతికేవాళ్లందరికీ ఫోను అవే పేజీలు చూపిస్తుంది. అక్కడున్న పేర్లూ ఒకే తీరున ఉంటాయి. చివర 'ఆన్' రావాలి, కాదంటే 'ఆన్ష్', అదీ కాదంటే 'విక్'.

సినిమా వాళ్లూ క్రికెటర్లూ బిడ్డకు పేరు ప్రకటించినప్పుడు ఇది ఇంకా బాగా తెలుస్తుంది. 2024 ఫిబ్రవరిలో విరాట్ కోహ్లీ, అనుష్క శర్మ తమ కొడుకు పేరు 'అకాయ్' అని చెప్పిన పూట దేశమంతా దాని అర్థం కోసం వెతికింది. సంస్కృతంలో అకాయమంటే శరీరం లేనిదని కొందరన్నారు. తుర్కీ భాషలో తెల్లని చంద్రుడని మరికొందరన్నారు. రెండూ నిజమే. ఆ దంపతులు ఏ అర్థం తలుచుకుని పెట్టుకున్నారో వాళ్లకు తెలుసు, వాళ్ల బిడ్డకు వాళ్లు చెప్పుకుంటారు. ఆ పేరును ఇంకొకరు తెచ్చి తమ పిల్లాడికి పెట్టినప్పుడు అక్షరాలు వస్తాయి గానీ ఆ తలపు రాదు.

ఇంకో చిక్కుంది. ఈ జాబితాల్లో పేరు పక్కన రాసి ఉండే అర్థాలకు పూచీ ఎవరిదీ కాదు. విహానం అంటే తెల్లవారుజాము అన్నది నిఘంటువులో దొరుకుతుంది. కియాన్ పాత పారశీకపు మాట, రాజులని అర్థం. అద్విక్ అంటే సాటిలేనివాడని రాస్తారు గానీ అద్వితీయుడు, అద్వయుడు ఉన్నట్టు ఆ మాట సంస్కృత వ్యాకరణంలో కుదురుకోదు. 'అంశ' అనే మాట హిందీలో 'అంశ్' అయి, ఇంగ్లిష్ అక్షరాల్లోకి వెళ్లి, అక్కడి నుంచి తెలుగులోకి 'ఆన్ష్' అయి తిరిగొచ్చింది. దేవాంశుడని మన తాతలు రాసుకోగలిగిన పేరును మనం ఇప్పుడు నకారపొల్లు కింద షకారపొల్లు పెట్టి రాస్తున్నాం.

మూడే ఎందుకంటే

పాత తెలుగు పేరు పొడుగు. ఇంటిపేరు, దేవుడి పేరు, తాత పేరు, చివర రావో శర్మో రెడ్డో. బడి రిజిస్టరులో ఒక వరసలో పట్టేది కాదు. దరఖాస్తుల్లో గళ్లొచ్చాయి, గళ్లకు లెక్కొచ్చింది. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు ఒక గడి, సొంత పేరుకు ఒక గడి. అమెరికా వెళ్లిన తొలితరం తమ పేర్లు అక్కడి నోళ్లలో నలిగి మొదటి రెండు అక్షరాలకు కుదించుకుపోవడం చూసింది. ఆ తరం తమ బిడ్డల విషయంలో ముందే జాగ్రత్త పడింది. అక్కడి అలవాటు ఇక్కడికీ వచ్చింది.

అలా చూస్తే చిన్న పేరు కోరుకోవడంలో తప్పేం లేదు. రెండక్షరాల పేరు మరీ తొందరగా అయిపోతుంది, నాలుగైతే పిలుపులో తెగిపోతుంది. మూడు నోటికి సరిపోతుంది.

శాస్త్రం మాత్రం వేరే చెప్పింది. పారస్కర, ఆశ్వలాయన గృహ్యసూత్రాలు మగపిల్లవాడి పేరులో రెండో నాలుగో అక్షరాలు ఉండాలన్నాయి. సరిసంఖ్య మగపిల్లలకు, బేసిసంఖ్య ఆడపిల్లలకు. రాముడు, కృష్ణుడు, భీముడు, కర్ణుడు విభక్తి తీసేస్తే రెండక్షరాలే. లక్ష్మణుడు, భరతుడు, అర్జునుడు, నకులుడు మూడక్షరాల వాళ్లు. కావ్యాలు ఆ నియమానికి పూర్తిగా కట్టుబడలేదు, మన ఇళ్లూ కట్టుబడలేదు. ఇంకో సంగతి. ఛందస్సు లెక్కలో పొల్లు విడి అక్షరం కాదు. మనం మూడు అనుకుని పెడుతున్న కియాన్, విహాన్, అయాన్ ఆ లెక్కన రెండక్షరాల పేర్లే. సూత్రకారుడు వాటిని కాదనడు.

■ నూట ఎనిమిది అక్షరాలు
నక్షత్రాలు 27. ఒక్కోదానికి నాలుగు పాదాల చొప్పున 108 పాదాలు. ప్రతి పాదానికీ ఒక అక్షరం. అశ్వినికి చూ, చే, చో, లా. రోహిణికి ఓ, వా, వీ, వూ. మఖకు మా, మీ, మూ, మే. స్వాతికి రూ, రే, రో, తా. కొన్ని పాదాలు కఠినమైనవి. ఆర్ద్రకు ఙ, ఛ వస్తాయి. హస్తకు ష, ణ, ఠ వస్తాయి. ఉత్తరాభాద్రకు ఝ, థ వస్తాయి. అలాంటప్పుడు అదే రాశిలోని వేరే పాదపు అక్షరం తీసుకోవడం వాడుకలో ఉంది. చాలా ఇళ్లలో నక్షత్ర నామం చెవిలో చెప్పి ఊరుకునేవారు. లోకం పిలిచేందుకు వ్యావహారిక నామం వేరే ఉండేది. ఒకే పేరు అన్నిటికీ సరిపోవాలన్న పట్టుదల కొత్తది.

పేరు చెబితే ఊరు తెలిసేది

పెంచలయ్య అనే పెద్దాయన పరిచయమైతే ఆయనది నెల్లూరు వైపని అడక్కుండానే తెలిసిపోతుంది. పెంచలకోన నరసింహస్వామికి మొక్కుకుంటే కలిగిన బిడ్డ. ఓబులేసు, ఓబుళరెడ్డి అంటే అహోబిలం చుట్టుపక్కల సీమ. సింహాచలం, అప్పలనాయుడు, అప్పలస్వామి అంటే సింహాద్రి అప్పన్న కొండ కనిపించే ఉత్తరాంధ్ర. పైడిరాజు విజయనగరం పైడితల్లి బిడ్డ, నూకరాజు అనకాపల్లి నూకాలమ్మ బిడ్డ. కోటయ్య, కోటేశ్వరరావు కోటప్పకొండ ప్రభలు చూసి పెరిగినవాళ్లు.

తెలంగాణలో యాదయ్య, యాదగిరి పేర్లు యాదగిరిగుట్ట నరసన్నవి. కొమురయ్య కొమురవెల్లి మల్లన్న పేరు, ఐలయ్య ఐనవోలు మల్లన్న పేరు. రాజన్న, రాజేశం, రాజయ్య వేములవాడ కోడెమొక్కుల ఇళ్లలో పుట్టినవాళ్లు. సమ్మయ్య, సారయ్య మేడారం గద్దెల దగ్గర బంగారం సమర్పించిన తల్లులు పెట్టిన పేర్లు. గుంటూరు, నెల్లూరు పల్లెల్లో మస్తాన్, నాగూర్ పేర్లు ముస్లిముల ఇళ్లలోనే కాదు, దర్గాకు మొక్కుకున్న హిందువుల ఇళ్లలోనూ ఉన్నాయి. చర్చి గంట వినిపించే వాడల్లో యోహాను, యోసేపు, యాకోబు, ఏలియా. ఇవీ మూడక్షరాలే.

ఆ పేర్లు అరుదైనవి కావు, అలా ఉండాలని ఎవరూ కోరుకోలేదు కూడా. ఒక వీధిలో ఐదుగురు కోటయ్యలుంటే పెద్ద కోటయ్య, చిన్న కోటయ్య, చెరువుగట్టు కోటయ్య అని పిలుచుకున్నారు. నలుగురిదీ అయిన పేరులో ఒక భద్రత ఉంది. ఆ దేవుడు అందరినీ చూస్తున్నాడు, నా బిడ్డనూ చూస్తాడు అన్న ధైర్యం ఉంది.

తాత పేరు మనవడికి పెట్టడం ఇంకో ఆనవాయితీ. అయితే కోడలు మామగారి పేరు నోటితో పలకకూడదు. కడుపున పుట్టిన బిడ్డను అసలు పేరుతో పిలిచే వీల్లేక ఆమె బాబు అంది, చంటి అంది, బుజ్జి అంది, చిన్నా అంది. మన ముద్దుపేర్లలో ఎన్నో అలా, ఆ నిషేధం లోంచే పుట్టాయి. అరవై ఏళ్లొచ్చినా ఊళ్లో 'చంటిబాబు గారు'గానే మిగిలిపోయిన పెద్దమనుషులు ప్రతి పల్లెలోనూ ఉన్నారు.

పుల్లయ్య ఎందుకు పుల్లయ్యయ్యాడు

ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోతే తరవాతి బిడ్డను ఎంగిలి విస్తరాకుల మీద పడుకోబెట్టి తీసుకునేవారు. ఎంగిలాకును పుల్లాకు అంటారు. ఆ బిడ్డ పుల్లయ్య, ఆడపిల్లయితే పుల్లమ్మ. పెంటకుప్ప మీద పెట్టి తెచ్చుకుంటే పెంటయ్య, పెంటమ్మ. భిక్షం ఎత్తి తెచ్చుకున్నట్టుగా చేసి పెట్టిన పేరు భిక్షమయ్య, భిక్షపతి. మృత్యువు కంటికి ఆనకుండా బిడ్డను దాచడానికి తల్లి పన్నిన ఉపాయం అది. ఈ పేర్లు విని నవ్వేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. పసికందుల చావులు ఇంటింటా ఉన్న రోజుల్లో, మందులేని చోట, ఒక తల్లి తన బిడ్డ కోసం చేయగలిగిన చివరి ప్రయత్నం ఆ పేరు.

అయితే అన్ని నీచపు పేర్లూ ప్రేమతో పెట్టినవి కావు. మనుస్మృతి రెండో అధ్యాయం బ్రాహ్మణుడి పేరు మంగళకరంగా, క్షత్రియుడి పేరు బలాన్ని తెలిపేదిగా, వైశ్యుడి పేరు ధనంతో కూడినదిగా ఉండాలని, శూద్రుడి పేరు జుగుప్స కలిగించేదిగా ఉండాలని చెప్పింది. ఆ శ్లోకం చదవనివాళ్లు కూడా ఊళ్లో దాన్ని అమలు చేశారు. మాలమాదిగ వాడల్లో పుట్టిన బిడ్డకు మంచి పేరు పెట్టుకుంటే, దొరల ముందు ఆ పేరును చివర 'గాడు' తగిలించి విరిచేశారు. పేరు వినగానే కులం లెక్కగట్టే అలవాటు ఇవాళా పోలేదు. అద్దె ఇంటి కోసం వెళ్లినా ఉద్యోగపు ఇంటర్వ్యూకి వెళ్లినా పేరు తరవాతి ప్రశ్న ఇంటిపేరు గురించే.

అందుకే విహాన్, అయాన్ లాంటి పేర్లను మట్టివాసన లేనివని ఒక్క మాటతో తీసిపారేయలేం. ముత్తాతను అందరూ 'పెంటడా' అని పిలిచిన ఇంట్లో మునిమనవడికి ఏ ఊరూ ఏ కులమూ పట్టి ఇవ్వని మూడక్షరాలు దొరకడం పెద్ద విడుదల. ఆ పేరు పెట్టుకున్న తల్లి ముఖంలో వెలుగు చూసినవాళ్లెవరూ పాత పేర్లే గొప్పవని వాదించరు.

లవణం అనే పేరు

నాస్తికోద్యమ నాయకుడు గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, బిడ్డలకు పేర్లు పెట్టిన తీరు తెలుగునాట ఇంకెక్కడా కనిపించదు. జాతకాలూ నక్షత్రాలూ ఆ ఇంట్లోకి రాలేదు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో కొడుకు పుట్టాడు. పేరు లవణం. ప్రపంచం యుద్ధంలోకి జారుతున్న కాలంలో పుట్టిన కొడుకు సమరం. విజయం, నియంత అని మరో ఇద్దరు. తొమ్మిదో సంతానానికి 'నౌ'. హిందీలో తొమ్మిదని అర్థం.

లవణం, సమరం, విజయం, నియంత. అన్నీ మూడక్షరాలే. ఏ జాబితాలోంచీ తీసినవి కావు. ఆ రోజు దేశంలో ఏం జరుగుతోందో, ఆ ఇంట్లో ఏం మాట్లాడుకుంటున్నారో ఆ పేర్లలో ఉంది. గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం ప్రారంభించారు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడు అది విజయవాడకు మారింది. ఆ ఆవరణలో పెరిగిన లవణం, వినోబా భావే ఆంధ్రలో పాదయాత్ర చేస్తున్నప్పుడు ఆయన మాటల్ని తెలుగులో వినిపించారు. తరవాత స్టువర్టుపురంలో నేరస్థ జాతులన్న ముద్ర మోసిన కుటుంబాల మధ్య భార్యతో కలిసి పనిచేశారు. ఆమె కవి గుర్రం జాషువా కుమార్తె. పెళ్లయ్యాక ఆమె ఇంటిపేరు కాకుండా భర్త పేరును తన పేరు పక్కన చేర్చుకున్నారు. లోకానికి ఆమె హేమలతా లవణం. సమరం వైద్యుడై, చెప్పుకోవడానికి జనం సిగ్గుపడే ఆరోగ్య సందేహాలకు దశాబ్దాల పాటు పత్రికల్లో జవాబులిచ్చారు.

'లవణం' అని పిలిస్తే బళ్లో తోటిపిల్లలు నవ్వలేదా అని అడగొచ్చు. నవ్వే ఉంటారు. కానీ ఆ పిల్లాడి దగ్గర చెప్పడానికి ఒక జవాబు ఉంది. నేను పుట్టిన ఏడాది గాంధీగారు దండి దాకా నడిచారు, అందుకని మా నాన్న నాకీ పేరు పెట్టాడు. అయిదేళ్ల పిల్లాడు ఒక్క వాక్యంలో చెప్పగలిగే కథ అది. అరుదైన పేరు మోసే బిడ్డకు తల్లిదండ్రులు ఇవ్వాల్సింది అదేనని నాకనిపిస్తుంది. అర్థం ఏమిటని అడిగితే సంస్కృతంలోనో పారశీకంలోనో వెతికి చెప్పడం వేరు. ఎందుకు పెట్టారని అడిగితే చెప్పడానికి ఇంట్లో ఒక మాట ఉండటం వేరు.

'అమృతం కురిసిన రాత్రి' కవి దేవరకొండ బాలగంగాధర తిలక్ 1921లో పుట్టారు. లోకమాన్య తిలక్ పోయి అప్పటికి ఏడాది. ఆయన పేరును పెట్టుకున్న ఇళ్లు ఆ రోజుల్లో ఎన్నో. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో గాంధీ, నెహ్రూ, బోసు పేర్లు అలాగే వచ్చాయి, ఆ వెనకే లెనిన్, స్టాలిన్ వచ్చాయి. ఎవరి పేరు పెట్టాలన్న దాని మీద ఇళ్లలో వాదాలు జరిగేవి. అవి రాజకీయ వాదాలు. ఆ పేర్ల వెనక ఒక పక్షం ఉండేది.

■ కవులందరిదీ ఒకటే గణం
నన్నయ, తిక్కన, ఎర్రన, పోతన, పెద్దన, తిమ్మన, సూరన, వేమన, ధూర్జటి. తెలుగు కవిత్వాన్ని నిలబెట్టినవాళ్లలో ఎంతమందివి మూడక్షరాల పేర్లో చూడండి. ఇంకో విశేషం: ఇవన్నీ భగణాలు. మొదటి అక్షరం గురువు, తరవాతి రెండూ లఘువులు. నోరు మొదట బరువు పెట్టి తరవాత తేలిపోతుంది. త్యాగయ్య, గోపన్న, మల్లన్న, రాజన్న పిలుపులు తగణం: రెండు గురువులు, ఒక లఘువు. లవణం, సమరం సగణం.

మన పెట్టెలో ఉన్నవి

కాపీ కాని మూడక్షరాల కోసం ఇంత తిరుగుతున్నవాళ్లం మన దగ్గరున్న పేర్లను తెరిచి చూడలేదు. పైన చెప్పిన మిథున రాశి అక్షరాల్లో 'కే' ఉంది. కేతన అని ఒక కవి ఉన్నాడు. సంస్కృత కవి దండి కథల్ని 'దశకుమార చరిత్ర'గా తెలుగు చేసి తిక్కనకు అంకితమిచ్చాడు, తెలుగు భాషకు తెలుగులోనే తొలి వ్యాకరణం 'ఆంధ్రభాషాభూషణం' రాశాడు. మఖలో పుట్టిన పిల్లాడికి మారన ఉన్నాడు, మార్కండేయ పురాణం తెనిగించినవాడు. ఉత్తరాషాఢకు 'జా' వస్తుంది. జాయప కాకతి గణపతిదేవుడి గజసేనాని, యుద్ధంలో ఏనుగుల్ని నడిపిన చేత్తోనే 'నృత్తరత్నావళి' రాసినవాడు. ఓరుగల్లు 1323లో పడిపోయాక తిరిగి తలెత్తిన ముసునూరి నాయకుల పేర్లు ప్రోలయ, కాపయ.

'ఈ పేర్లు పెడితే పిల్లాణ్ని ముసలివాణ్ని చేసినట్టుంటుంది' అంటారు కొందరు. నాకలా అనిపించదు. కియాన్ కూడా ఇరాన్‌లో పాతకాలపు మాటే. మన చెవికి కొత్త కాబట్టి పసిగా వినిపిస్తోంది. జాయప అన్న పేరును ఒక చలాకీ పిల్లాడు మోసుకుని బడికి వెళ్తే ఏడాదిలో ఆ పేరు వాడి వయసుకు వచ్చేస్తుంది. పేరుకు వయసు ఆ పేరున్న మనిషి నుంచే వస్తుంది.

కవులూ సేనానులూ వద్దనుకుంటే ఋతువులున్నాయి. హేమంత, శిశిర. శివుడి పేర్లలో పినాకి ఉంది. పెన్న నది పినాకిని, కాబట్టి నెల్లూరు, కడప, అనంతపురం బిడ్డలకు అది సొంత ఏటి పేరు కూడా. తూర్పు కనుమల్లో మహేంద్రగిరి ఉంది. మహేంద్ర, మూడక్షరాలు, శ్రీకాకుళం వాళ్లకు ఇంటి ముందు కొండ.

■ అరవై ఏళ్లకోసారి వచ్చే పేర్లు
తెలుగు సంవత్సరాలు అరవైలో మగపిల్లాడికి సరిపోయే మూడక్షరాలవి చాలా ఉన్నాయి: ప్రభవ, విభవ, శ్రీముఖ, ఈశ్వర, విక్రమ, తారణ, పార్థివ, నందన, విజయ, మన్మథ, ఆనంద, పింగళ, దుందుభి, అక్షయ. 2012 ఉగాదితో మొదలైంది నందన. ఆ ఏడు పుట్టిన పిల్లాడికి ఆ పేరు పెడితే, పుట్టిన ఏడాది ఆధారంగా అదే పేరు పెట్టుకునే అవకాశం మళ్లీ 2072లోనే వస్తుంది. ప్రభవ 1987లో వచ్చింది, తిరిగి 2047లో వస్తుంది.

ఒక 'ఏ' ఎక్కువైతే

నక్షత్రం దాటాక సంఖ్యాశాస్త్రం ఎదురొస్తుంది. ఇక్కడ ఎక్కువగా వాడేది కల్దీయ పద్ధతి అంటారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఐర్లండ్‌కు చెందిన కీరో పుస్తకాలతో అది లోకమంతా పాకింది. అందులో ఇంగ్లిష్ అక్షరాలకు ఒకటి నుంచి ఎనిమిది దాకా విలువలు. కే రెండు, ఐ ఒకటి, ఏ ఒకటి, ఎన్ అయిదు. కియాన్ అని నాలుగక్షరాలతో రాస్తే తొమ్మిది. ఇంకో 'ఏ' చేరిస్తే పది, అంటే ఒకటి. ఏది మంచిదో చెప్పడానికి రుసుము.

నమ్మకాల జోలికి నేను వెళ్లను. తెలుగు అక్షరాల్లో రాసి చెవిలో చెప్పిన పేరుకు ఇంగ్లిష్ అక్షరాల కూడికతో మంచిచెడ్డలు నిర్ణయించడం మాత్రం నాకు మింగుడు పడదు. పైగా దాని భారం బిడ్డ మీదే పడుతుంది. ఆ అదనపు 'ఏ' ఆధార్‌లో ఉండి మార్కుల జాబితాలో లేకపోతే, పద్దెనిమిదేళ్ల కుర్రాడు కార్యాలయాల చుట్టూ తిరగాలి. ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండుసార్లే మార్చుకోవచ్చు. 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ చట్టం ప్రకారం, ఆ తేదీ నుంచి పుట్టినవాళ్లకు బడిలో చేరికకూ, డ్రైవింగ్ లైసెన్సుకూ, ఓటరు జాబితాకూ, పెళ్లి నమోదుకూ, పాస్‌పోర్టుకూ పుట్టిన తేదీకి, పుట్టిన చోటుకు ఆధారం జనన ధ్రువపత్రమే. అందులో పడిన అక్షరాలే చివరిదాకా వస్తాయి.

పెరట్లో నిలబడి పిలిస్తే

పేరు రాసుకునేది కంటే పిలుచుకునేది ఎక్కువ. తెలుగు నోరు అచ్చుతో ఆగుతుంది. కార్తీక్ అని రాసుకున్నా తల్లి పిలిచేది 'కార్తీకూ' అనే, రిత్విక్ అని రాసుకున్నా 'రిత్వికూ' అనే. పొల్లుతో ముగిసే పేరును మనం దూరానికి పిలవలేం. పేరు అనుకున్నాక గట్టిగా పిలిచి చూడాలి. కోపంతో ఒకసారి, గారాబంగా ఒకసారి, మేడ మీద నుంచి వీధిలోకి ఒకసారి. నాయనమ్మ చేత పలికించాలి. ఆవిడ నోట అది వేరే పేరైపోతుంటే, ఆవిడా మనవడూ జీవితాంతం రెండు పేర్లతో బతుకుతారు.

కొత్త మగపిల్లల పేర్లలో 'ళ' దాదాపు కనిపించదు. అమెరికాలో పలకరు కాబట్టి ఇక్కడా వదిలేశాం. డాలస్‌లో పెరిగే పిల్లాడికి ఆ సౌకర్యం అవసరమే, ఒప్పుకుంటాను. దెందులూరులోనో జనగామలోనో పెరిగే పిల్లాడి పేరు కూడా ఎన్నడూ చూడని టీచరు నాలుకకు తగ్గట్టు ఎందుకుండాలి?

అర్థం కోసం పేర్ల జాబితాల్ని నమ్మొద్దు. 1885 నాటి శబ్దరత్నాకరం, అంతకు ముందటి బ్రౌన్ నిఘంటువు, సూర్యరాయాంధ్ర నిఘంటువు ఇప్పుడు ఫోనులోనే చూసుకోవచ్చు. ఒక్క నిమిషం పని. మాట లేదని తేలినా ఫరవాలేదు. లేని మాటను ఇష్టపడి పెట్టుకోవడానికి హక్కుంది. తెలిసి పెట్టుకోవాలి, అంతే.

ఏడాది గడువుంది

జననాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. పేరు మాత్రం అప్పుడే చెప్పనక్కర్లేదు, ఈ సంగతి చాలామందికి తెలియదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం పేరు లేకుండానే జననాన్ని నమోదు చేసుకోనిస్తుంది. ఆ తరవాత పన్నెండు నెలల్లోగా ఎప్పుడైనా రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. అది దాటితే ఆలస్య రుసుముతో పదిహేనేళ్ల దాకా వీలుంది. పదకొండో రోజో ఇరవై ఒకటో రోజో చెవిలో నక్షత్ర నామం చెప్పి, తొట్టెలలో వేసి, లోకానికి చెప్పే పేరును ఆలోచించుకునే వ్యవధి శాస్త్రమూ ఇచ్చింది, చట్టమూ ఇచ్చింది.

ఆ నెలల్లో చేయాల్సిన పని ఫోనులో లేదు. తాతయ్యను కూర్చోబెట్టి ఆయన తండ్రి పేరు, ఆ తండ్రి తండ్రి పేరు అడగండి. మూడు తరాలు దాటితే మనలో చాలామందికి తెలియదు. అమ్మమ్మను అడగండి, ఆవిడ అన్నదమ్ముల్లో చిన్నప్పుడే పోయిన పిల్లాడి పేరేమిటని. ఊరి చెరువు ఎవరు తవ్వించారని అడగండి. బిడ్డ పుట్టిన రాత్రి ఏం జరిగిందో ఒక కాగితం మీద రాసుకోండి: ఆ రోజు ఏ వాన కురిసిందో, ఆసుపత్రికి ఎవరి బండి మీద వెళ్లారో, మొదట ఎత్తుకున్నది ఎవరో. నాయనమ్మ అడిగిన ఆ ఒక్క ముక్క ఎందుకడిగిందో ఆవిడనే అడగండి. తాతయ్య పేరులోంచి ఏ ముక్క తీయాలో ఆవిడ ఎప్పుడో అనుకుని ఉంటుంది. దాని పక్కన ఏ రెండక్షరాలు చేర్చాలో కూడా అనుకునే ఉంటుంది.